మానిన గాయం, మారిన మనిషి

మానవ దేహంలోని అవయవాలన్నింటిలో శిరస్సు ప్రధానమైనదని మన పూర్వులు భావించారు. సంస్కృతంలో దానికి ‘ఉత్తమాంగం’ అని పేరు. ప్రాణాలకూ, ఇంద్రియాలన్నింటికీ ఆశ్రయం శిరస్సేనని చరకసంహిత పేర్కొన్నది. తెలుగు నుడికారంలోనూ తలకు ఉన్న స్థానం తక్కువది కాదు. ఆశ్రయం పొందితే తలదాచుకున్నాడంటాం. బాధ్యత వహిస్తే తలకెత్తుకున్నాడంటాం. పని ఎక్కువైతే తలమునకలయ్యాడంటాం. ఇంత సంపన్నమైన నుడికారంలో ఒక చిత్రమైన లోటు ఉన్నది. తలకు దెబ్బ తగిలినవాడు బ్రతికి, గాయం మాని, ఇల్లు చేరిన తరువాత నెలలు, సంవత్సరాలు గడిచేకొద్దీ అతనిలో కనిపించే మార్పును చెప్పడానికి మనకు సరైన మాట లేదు. ‘మతి చెడింది’ అని ఒకరు, ‘గాలి సోకింది’ అని ఒకరు, ‘ఒళ్లు బరువెక్కింది’ అని మరొకరు అంటారు. మాట తప్పితే చూపు తప్పుతుంది. చూపు తప్పితే ఆ మనిషితో మన నడవడి కూడా తప్పుతుంది. కాబట్టి తలగాయం తరువాత మెదడులో దీర్ఘకాలం జరిగే మార్పులేమిటో తెలుసుకోవడం అవసరం.

ఈ విషయం కోనసీమ విద్యార్థులకు దూరపు సంగతి కాదు. గౌతమి, వసిష్ఠ పాయల నడుమ, సముద్రతీరం వరకు పరచుకొన్న ఈ సీమకు కొబ్బరిచెట్టే జీవనాధారం. అమలాపురం, రాజోలు, కొత్తపేట, అంబాజీపేట, ముమ్మిడివరం ఏ వైపు చూసినా తోటలే. నలభై అయిదు రోజులకో, రెండు నెలలకో ఒకసారి ప్రతి చెట్టు నుంచీ కాయ దించాలి. ఆ పని చేసేవారిని ఇక్కడ దింపు కార్మికులు అంటారు. కాళ్లకు బందం వేసుకొని, నడుముకు కత్తి దోపుకొని, రోజుకు పదుల కొద్దీ చెట్లు ఎక్కి దిగడం వారి వృత్తి. వానకాలంలో మాను పాచిపట్టి జారుతుంది. పుచ్చిన మట్ట ఆధారమనుకొని పట్టుకొంటే ఊడి చేతికి వస్తుంది. పదిహేను మీటర్ల ఎత్తు నుంచి జారినవాడు నేలను తాకేసరికి అతని వేగం గంటకు సుమారు 60 కిలోమీటర్లు ఉంటుంది. భౌతికశాస్త్రం చదివే విద్యార్థులు ఈ లెక్కను స్వయంగా కట్టి చూడవచ్చు.

చెట్టెక్కినవాడికే కాదు, చెట్టు క్రింద నిలిచినవాడికీ ప్రమాదమున్నది. పీటర్ బార్స్ అనే వైద్యుడు పాపువా న్యూ గినీలోని ఒక ప్రాంతీయ వైద్యశాలలో నాలుగేళ్ల పాటు చేరిన క్షతగాత్రుల వివరాలు పరిశీలించి, వారిలో 2.5 శాతం మంది కొబ్బరికాయ మీద పడి గాయపడినవారేనని 1984లో ఒక వ్యాసం ప్రకటించాడు. ఆ వ్యాసం విని నగరవాసులు నవ్వుకొన్నారు. కొబ్బరితోటలో ఇల్లు కట్టుకొన్నవారికి అందులో నవ్వవలసినదేమీ కనిపించదు.

వీటికి తోడు రహదారి. కాకినాడ వైపు నుంచి యానాం, అమలాపురం, రాజోలు మీదుగా నరసాపురం వైపు సాగే 216వ నంబరు జాతీయ రహదారి మీద, కాలువగట్ల ఇరుకుదారుల మీద ద్విచక్ర వాహనాల రద్దీ ఏటికేడు పెరిగింది. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రహదారి ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. శిరస్త్రాణం ధరించక మరణించినవారు 50,029 మంది. ఈ లెక్కలు మృతులవి. దెబ్బతిని బ్రతికినవారి తరువాతి జీవితాన్ని ఏ పట్టికా చెప్పదు. మన ప్రస్తుత విషయం వారే.

మెదడు బరువు సుమారు 1,400 గ్రాములు. గట్టి పెరుగువలె మెత్తనిది. వరాశిక, లౌతికళ, మృద్వి అనే మూడు పొరలు దానిని కప్పి ఉంటాయి. పొరల మధ్య మస్తిష్కమేరుద్రవం ఉంటుంది. దీని నిర్మాణాన్ని ముదురు కొబ్బరికాయతో పోల్చి చెబితే ఈ ప్రాంతం వారికి వెంటనే బోధపడుతుంది. పైన పీచు, లోపల చిప్ప, దానిలో నీరు. అయితే కొబ్బరికాయలో కండ చిప్పకు అంటి ఉంటుంది. మెదడు పుర్రెకు అంటి ఉండదు, ద్రవంలో తేలుతూ ఉంటుంది. అందువల్ల తల హఠాత్తుగా ఆగినప్పుడు పుర్రె ఆగినా మెదడు ఆగదు. ముందుకు పోయి పుర్రె గోడను ఢీకొంటుంది, వెనుకకు వచ్చి రెండో గోడను కూడా తాకుతుంది. నుదుటికి దెబ్బ తగిలితే మెదడు వెనుక భాగం కమిలిపోవడానికి కారణమిదే.

ఇంతకన్నా సూక్ష్మమైన హాని మరొకటి ఉన్నది. మెదడులోని నాడీకణాలు తంత్రికాక్షాలనే సన్నని పోగుల ద్వారా ఒకదానితో ఒకటి మాట్లాడుకొంటాయి. తల గిర్రున తిరిగి ఆగినప్పుడు మెదడులోని పొరలు వేర్వేరు వేగాలతో కదిలి ఈ పోగులు సాగుతాయి, మెలిపడతాయి. సబీనా స్ట్రిచ్ అనే శాస్త్రవేత్త 1956లో ఈ సంగతిని వివరించింది. తీవ్రమైన తలగాయం తరువాత చాలాకాలం స్పృహలేక జీవించి మరణించినవారి మెదళ్లను ఆమె పరీక్షించింది. పైకి పెద్ద గాయాలు లేకపోయినా లోపల తెల్లపదార్థమంతటా పోగులు నశించి ఉండడం గమనించింది. ఈ నష్టం సూక్ష్మదర్శినికి కనిపించేది. మామూలు సి.టి. స్కానులో చాలాసార్లు కనిపించదు. ‘స్కానులో ఏమీ లేదన్నారు, వీడు నటిస్తున్నాడు’ అనే మాట గ్రామాలలో తరచు వింటాం. స్కాను రక్తస్రావాన్నీ, ఎముక విరుగుటనూ పట్టిస్తుంది. పోగు తెగిన సంగతి దానికి తెలియకపోవచ్చు.

దెబ్బ తగిలిన తొలి గంటల గురించి ఇక్కడ విస్తరించి చెప్పనవసరం లేదు. మెదడు వాచుట, లోపల రక్తం గడ్డకట్టుట, ప్రాణవాయువు అందకపోవుట మొదటి గాయంకన్నా ఎక్కువ చేటు చేయగలవు. గాయం తీవ్రతను కొలవడానికి గ్లాస్గో నగర వైద్యులు టీస్‌డేల్, జెన్నెట్ 1974లో రూపొందించిన కొలమానం నేటికీ వాడుకలో ఉన్నది. కన్ను తెరవడం, మాట పలకడం, అవయవాలు కదపడం అనే మూడింటిని చూసి 3 నుంచి 15 వరకు అంకె వేస్తారు. ఎనిమిదీ అంతకు తక్కువైతే తీవ్రగాయం. ఒకప్పుడు ఎదుర్లంక రేవులో పంటు కోసం నిరీక్షించి గౌతమిని దాటితే గాని కోనసీమ నుంచి ఆ దారిన కాకినాడ చేరే వీలుండేది కాదు. ఎదుర్లంక వారధి, 2005 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన 108 వాహనసేవ ఆ కాలాన్ని కుదించాయి. వీటివల్ల బ్రతికి బయటపడేవారు పెరిగారు. బ్రతికినవారు పెరిగినందువల్లనే ‘తరువాత ఏమిటి’ అన్న ప్రశ్న కూడా పెరిగింది.

ఒక దింపు కార్మికుణ్ణి ఊహించుకొందాం. వయస్సు నలభై. చెట్టు మీదినుంచి పడ్డాడు. పది రోజులు స్పృహ లేదు. నెలన్నరకు ఇల్లు చేరాడు. నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు, అందరినీ గుర్తుపడుతున్నాడు. బంధువులు వచ్చి ‘గండం గడిచిందండీ’ అని సంతోషించి వెళ్లారు. ఇంటి ఇల్లాలికి మాత్రం ఒకటొకటిగా కొన్ని సంగతులు తెలియసాగాయి.

మొదటిది వాసన. శ్రావణమాసంలో గోదావరికి ఎర్రనీరు వచ్చి పులస దొరికింది. ఇంట్లో పులుసు కాగుతున్నది. అతడు ప్రక్కనే కూర్చున్నా కూర వండిన సంగతి గుర్తించలేదు. ముక్కు పైభాగంలో జల్లెడవంటి ఒక పలుచని ఎముక ఉన్నది. వాసనను మోసే నాడీతంతువులు దాని రంధ్రాలలోనుంచి మెదడుకు పోతాయి. మెదడు కదిలినప్పుడు అవి అక్కడ తెగిపోతాయి. వాసన పోయినవాడికి తిండిమీద రుచి పోతుంది. అది అంతటితో ఆగదు. పాలు విరిగినా, గ్యాసు కారినా అతనికి తెలియదు.

రెండవది అలసట. రెండు గంటలు మెలకువగా ఉంటే చాలు, పగలే నిద్ర ముంచుకొస్తుంది. దారి తెగిన మెదడు అదే పనిని చుట్టుదారిన చేస్తున్నందువల్ల ఎక్కువ శ్రమపడుతుంది. చూసేవారికి ఇది సోమరితనం. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తీసుకొనిపోతే డప్పులు, బాణసంచా, జనసమ్మర్దం తట్టుకోలేక చెవులు మూసుకొని ఇంటికి పదమన్నాడు. ఏటేటా ప్రభ మోసిన మనిషి! ఒకే సమయంలో పది శబ్దాలు వచ్చినప్పుడు అక్కరలేనివాటిని వడపోసి పక్కకు పెట్టే శక్తి మెదడుకు ఉన్నది. గాయపడినవారిలో ఆ వడపోత సడలుతుంది.

మూడవది లెక్క. రాశిపోసిన కాయలను ఎంచుతూ నడుమ ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పి మళ్లీ మొదలుపెడతాడు. చిన్ననాటి సంగతులు చక్కగా చెబుతాడు, ఉదయం ఎవరు వచ్చి వెళ్లారో చెప్పలేడు. కొత్త జ్ఞాపకాలను భద్రపరచే భాగం కణతల లోపలి వైపు ఉంటుంది. అక్కడ పుర్రె అడుగు గరుకుగా, అంచులు కలిగి ఉండడంవల్ల ఆ భాగానికీ, నుదుటి వెనుక ఉండే లలాట లంబికకూ దెబ్బ ఎక్కువగా తగులుతుంది.

లలాట లంబికను గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కోపం వచ్చినా మాట అనకుండా ఆగడం, పనికి ముందువెనుకలు ఆలోచించడం, ఎదుటివాని మనస్సు గ్రహించడం దీని పనులు. దీనికి హాని కలిగితే సౌమ్యుడు ముక్కోపి కావచ్చు, మితభాషి వాచాలుడు కావచ్చు. కొందరిలో ఇందుకు భిన్నంగా ఏ కోరికా, ఏ చొరవా లేని స్తబ్ధత ఏర్పడుతుంది. అన్నం పెడితే తింటారు, పెట్టకపోతే అడగరు. అన్నింటికన్నా కష్టమైన సంగతి మరొకటి. తనలో మార్పు వచ్చిందని తాను గ్రహించే శక్తి కూడా ఆ భాగంలోనిదే కావడంవల్ల చాలామంది రోగులు తమకేమీ కాలేదని నిజంగానే నమ్ముతారు. దానిని మొండితనమని పొరబడడం సహజం. అనుమస్తిష్కం దెబ్బతిన్నవాడు తూలి నడిస్తే త్రాగి వచ్చాడంటారు. త్రాగుడు అలవాటు ఉన్నవాడైతే ఆ మాటకు బలం కూడా చేకూరుతుంది. గాయపడిన మెదడు మద్యాన్ని మునుపటివలె తట్టుకోలేదన్నది నిజమే, కాని తూలుడుకు కారణం ప్రతిసారీ మద్యం కాదు.

ఇంతవరకు చెప్పినవి గాయం నాటి నష్టం ఫలితాలు. అసలు ఆశ్చర్యం కలిగించే విషయం, ఆ నష్టం ఆనాటితో ఆగకపోవడం. తెగిన పోగు ఆ క్షణాననే నశించదు. తన కణంనుంచి వేరుపడిన భాగం క్రమక్రమంగా క్షీణిస్తుంది. ఆ పోగుమీద ఆధారపడిన మరో కణం బలహీనపడుతుంది. తీవ్రగాయం తగిలినవారికి కొన్ని నెలల తరువాత, కొన్నేళ్ల తరువాత స్కాను తీసి చూస్తే మెదడు కుంచించుకొని, లోపలి ద్రవకోష్ఠాలు విశాలమై కనిపిస్తాయి. మెదడు రెండు అర్ధభాగాలను కలిపే కార్పస్ కెలోసమ్ అనే వంతెన పలుచబడుతుంది. గ్లాస్గోలో భద్రపరచిన మెదళ్లను పరీక్షించి 2013లో ప్రకటించిన పరిశోధనలో, ఒక్కసారి మాత్రమే గాయపడినవారిలో కొందరికి 18 సంవత్సరాల తరువాత కూడా మెదడులో వాపు తాలూకు కణాలు చురుకుగా ఉన్నట్లు తేలింది. గాయాన్ని శుభ్రపరచడానికి వచ్చిన కణాలు పని ముగిసినా వెళ్లిపోలేదన్నమాట.

మూర్ఛ మరొక దీర్ఘకాలిక ఫలితం. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో 1935 నుంచి 1984 వరకు తలగాయాలైన 4,541 మందిని అనుసరించి చేసిన అధ్యయనం 1998లో వెలువడినది. స్వల్పగాయమైనవారిలో 30 సంవత్సరాల లోపు మూర్ఛ వచ్చే అవకాశం 2.1 శాతం, మధ్యస్థగాయమైతే 4.2 శాతం, తీవ్రగాయమైతే 16.7 శాతం. అంటే ఏళ్లు గడిచిన తరువాత కూడా తొలి మూర్ఛ రావచ్చు. మళ్లీ చెట్టెక్కుతానని పట్టుబట్టే దింపు కార్మికుని విషయంలో ఈ అంకెకు ప్రాణమంత విలువ ఉన్నది. వైద్యుని అనుమతి లేకుండా అతడు చెట్టెక్కరాదు, వాహనం నడపరాదు, కాలువలో ఒంటరిగా ఈదరాదు.

పీయూష గ్రంథి మెదడు అడుగున సన్నని కాడకు వ్రేలాడుతూ ఉంటుంది. అది దెబ్బతింటే హార్మోనులు తగ్గి నీరసం, నిరాశ కలుగుతాయి. రక్తపరీక్షతో కనిపెట్టి మందుతో సరిచేయదగిన లోపమిది. దీనిని కూడా ‘మనోవ్యాధి’ ఖాతాలో వేసి ఊరుకోవడం తగదు.

వార్ధక్యంలో జ్ఞాపకశక్తి నశించే డిమెన్షియాకూ, తలగాయానికీ సంబంధమున్నదని చాలాకాలంగా అనుమానమున్నది. హారిసన్ మార్ట్‌లాండ్ అనే వైద్యుడు 1928లోనే ముష్టియుద్ధం చేసేవారిలో ఇటువంటి మార్పులను వర్ణించాడు. డెన్మార్క్‌లో సుమారు 28 లక్షల మంది వివరాలతో చేసిన అధ్యయనం 2018లో వెలువడినది. తలగాయమైనవారికి డిమెన్షియా వచ్చే అవకాశం ఇతరులకన్నా 24 శాతం ఎక్కువని, గాయాల సంఖ్య, తీవ్రత పెరిగేకొద్దీ అది పెరుగుతుందని అది చెప్పినది. లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2020లో నివారించదగిన కారణాల జాబితాలో తలగాయాన్ని చేర్చినది. ఈ అంకెను చూసి గాయపడిన ప్రతివాడికీ మతిమరపు రాక తప్పదనుకోరాదు. ఎక్కువమందికి రాదు.

వృద్ధుల విషయంలో మాత్రం ఒక హెచ్చరిక అవసరం. వయస్సుతోపాటు మెదడు కొంత కుంచించుకొంటుంది. పుర్రెకూ మెదడుకూ మధ్య ఉన్న చిన్న సిరలు సాగి ఉంటాయి. గుమ్మం తలకు తగలడం వంటి చిన్న దెబ్బకే అవి చిట్లి రక్తం బొట్టుబొట్టుగా చేరుతుంది. మూడు నాలుగు వారాల తరువాత తాతగారు తికమకగా మాట్లాడతారు, ఒక కాలు ఈడుస్తారు. దెబ్బ సంగతి అప్పటికి ఎవరికీ గుర్తుండదు. వయస్సు మీదపడిందని ఊరుకొంటారు. పుర్రెకు చిన్న రంధ్రం చేసి ఆ రక్తాన్ని తీసివేస్తే చాలామంది మునుపటి మనుషులవుతారు.

తలగాయం వల్ల స్వభావం మారుతుందనడానికి ప్రపంచమంతటా చెప్పుకొనే కథ ఫీనియస్ గేజ్‌ది. 1848 సెప్టెంబరు 13న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో రైలుదారి కోసం బండలు పేల్చుతుండగా, సుమారు 110 సెంటీమీటర్ల పొడవు, 6 కిలోల బరువు ఉన్న ఇనుపకడ్డీ అతని ఎడమ చెంప క్రింద దూరి నడినెత్తినుంచి బయటకు వచ్చింది. అతడు బ్రతికాడు. వైద్యం చేసిన డాక్టర్ హార్లో, గేజ్ నెమ్మది పోయి చపలచిత్తుడయ్యాడని, మిత్రులు అతడు మునుపటి గేజ్ కాడన్నారని వ్రాశాడు. పుస్తకాలు చాలావరకు ఇక్కడితో కథ ముగిస్తాయి. ఇది అర్ధసత్యమని నా అభిప్రాయం. గేజ్ 1852లో చిలీ దేశానికి పోయి, అక్కడ సుమారు ఏడు సంవత్సరాలు గుర్రపుబండి నడిపాడు. వేళకు గుర్రాలను కట్టాలి, ప్రయాణికులను ఎక్కించుకోవాలి, తెలిసిన దారిన పోవాలి. చపలచిత్తుడు చేయగలిగిన పని కాదది. ప్రతిదినం ఒకే క్రమంలో సాగే పని అతని మెదడుకు ఊతమైనదని నేటి పరిశోధకులు కొందరు భావిస్తున్నారు. చివరకు మూర్ఛలు వచ్చి 1860లో అతడు మరణించాడు. గాయమైన పన్నెండేళ్లకు! పోగొట్టుకొన్నది, తిరిగి కూడగట్టుకొన్నది, ఆలస్యంగా వచ్చిపడినది మూడూ ఆ ఒక్క జీవితంలో ఉన్నాయి.

మెదడు కొంతవరకు తనను తాను సవరించుకోగలదు. నశించిన కణాల స్థానంలో కొత్తవి పుట్టడం అరుదు. మిగిలిన కణాలు కొత్త సంబంధాలు ఏర్పరచుకొని పోయినవాటి పనిని కొంత తలకెత్తుకొంటాయి. తొలి ఆరు నెలలలో ఈ మెరుగుదల వేగంగా ఉంటుంది, తరువాత నెమ్మదిస్తుంది, అయినా ఏళ్ల తరబడి సాగవచ్చు. ఇందుకు సాధన కావాలి. నడకకు, మాటకు, జ్ఞాపకానికి శిక్షణ ఇచ్చే నిపుణులున్నారు. బెంగళూరులోని నిమ్‌హాన్స్ వంటి సంస్థలలో ఇందుకు ప్రత్యేక విభాగాలు ఉన్నాయి. నెలకు నాలుగుసార్లు అంత దూరం పోవడం కూలి కుటుంబానికి సాధ్యం కాదు కాబట్టి శిక్షణలో ఎక్కువ భాగం ఇంటి అరుగుమీదనే జరుగుతుంది. ఒకసారి ఒక్క పనే చెప్పడం, చేయవలసినవి పలకమీద వ్రాసి గోడకు తగిలించడం, వస్తువులు ఎప్పుడూ ఒకేచోట ఉంచడం, అలసట రాకముందే విశ్రాంతి ఇవ్వడం, కోపం వచ్చినప్పుడు వాదించక కాసేపు ప్రక్కకు తప్పుకోవడం: వీటికి ఖర్చు లేదు. ఓర్పు మాత్రం చాలా ఖర్చవుతుంది. ఆ ఓర్పు భారమంతా సాధారణంగా భార్యమీదనో, తల్లిమీదనో పడుతుంది. ఆమె కునుకు తీయడానికి ఒక పూట ఎవరైనా తోడుంటే అది కూడా వైద్యంలో భాగమే.

నివారణ గురించి ఒక మాట. శిరస్త్రాణం ద్విచక్ర వాహనదారులలో తలగాయాల ముప్పును 69 శాతం, మరణాల ముప్పును 42 శాతం తగ్గిస్తుందని అనేక పరిశోధనలను క్రోడీకరించిన సమీక్ష 2008లో తేల్చింది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్ దానిని తప్పనిసరి చేసింది. క్షతగాత్రుణ్ణి ఆదుకొన్నవారిని కేసుల బాధనుంచి కాపాడే 134-ఎ సెక్షన్ 2019 సవరణతో వచ్చింది. దింపు కార్మికులకోసం కొబ్బరి అభివృద్ధి మండలి చెట్టెక్కే యంత్రాలమీద శిక్షణ ఇచ్చింది, ‘కేర సురక్ష’ పేరుతో ప్రమాద బీమా నడుపుతున్నది. ఆ బీమాలో పేరు నమోదైనదో లేదో చెట్టెక్కక ముందే చూసుకోవాలి.

పరిహారం దగ్గర చిక్కు ఉన్నది. చేయి విరిగితే కనిపిస్తుంది. జ్ఞాపకం విరిగితే కనిపించదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. తలగాయం అన్న పేరు ఆ జాబితాలో విడిగా లేదు. దానివల్ల కలిగిన నడక లోపమో, మాట లోపమో, మానసిక రుగ్మతో, దీర్ఘకాలిక నాడీవ్యాధియో ఏదో ఒక శీర్షిక క్రింద వైద్యమండలి నిర్ధారించాలి. అందుచేత గాయమైన నాటినుంచి వైద్యశాల చీటీలు, స్కాను పత్రాలు భద్రపరచడంతోపాటు, ఇంట్లో గమనించిన మార్పులను తేదీలతో ఒక నోటుపుస్తకంలో వ్రాసి ఉంచాలి. ఎప్పుడు మూర్ఛ వచ్చింది, ఎన్ని గంటలు నిద్రపోయాడు, ఏ పని మధ్యలో ఆపాడు, దారి ఎప్పుడు తప్పాడు అన్నవి అందులో ఉండాలి. అయిదు నిమిషాలు మాట్లాడితే రోగి అన్నింటికీ సక్రమంగానే జవాబు చెబుతాడు. వైద్యునికి కనిపించని మిగిలిన ఇరవై మూడు గంటల యాభై అయిదు నిమిషాలను ఆ పుస్తకమే చెప్పాలి. చాలా ఇళ్లలో దానిని వ్రాయగలిగినది కళాశాలకు పోయే కొడుకో, కూతురో మాత్రమే.